పూజారి మిద్దె మీద బిర్యానీ ఆకు

పోయిన వారం మా అంగడికి ఒకామె వచ్చి బల్ల మీద ఒక ఆకు పెట్టింది. మాది ఎమ్మిగనూరులో పురుగుమందుల అంగడి. మాది అంటే నాది కాదు, నేను అందులో గుమాస్తాను. పొద్దస్తమానం పత్తి ఆకులూ మిరప ఆకులూ చూసే కళ్లు నావి. ఆమె పెట్టింది వాటిలో ఏదీ కాదు. పొడుగ్గా, మందంగా, కాడ నుంచి కొన దాకా మూడు ఈనెలు సాగిన ఆకు. అడుగున దూది అంటుకున్నట్టు తెల్లగా పిండినల్లి పురుగు. పైన నల్లటి మసి.

"బిర్యానీ ఆకు చెట్టన్నా. కుండీలో ఏసినాము. ఆకులన్నీ ఇట్లనే అయితాండాయి. ఏమన్నా మందియ్యి" అంది.

నేను మందు ఇవ్వలేదు. చీమలు పట్టాయా అని అడిగాను.

"పట్టినాయి. నీకెట్ల తెలుసు?"

ఎట్లా తెలుసో చెప్పాలంటే ఒక ముసలాయన గురించి చెప్పాలి. అంగట్లో రైతులు నిలబడి ఉన్నారు. ముందు చీమల్ని ఆపమ్మా, కుండీ కింద నీళ్ల పళ్లెం పెట్టు, ఆకుల్ని సబ్బునీళ్లతో తుడువు, మట్టిలో ఉట్టి నీళ్లు తప్ప ఇంకేమీ పోయొద్దు అని చెప్పి పంపించేశాను. కొనడానికి వచ్చిన మనిషిని ఉత్త చేతులతో పంపినందుకు మా యజమాని నన్ను కొరకొరా చూశాడు. చూస్తే చూశాడు.

ఆ ముసలాయన పోయి ఏడాది కావస్తోంది. ఆదోనిలో మా పక్కింటి మిద్దె మీద ఒంటి గదిలో ఉండేవాడు. నా కాపురం ఆదోని, కొలువు ఎమ్మిగనూరు. రోజూ బస్సులో పోయి వచ్చే బాపతు. ఆయన కొండ కింద ఒక చిన్న ఆంజనేయస్వామి గుడిలో పూజ చేసేవాడు. ఇంట్లో కన్నడం, వీధిలో తెలుగు. ఎవరేం చెప్పినా ముందు "హౌదా?" అని కళ్లు పెద్దవి చేసేవాడు. అవునా అని అర్థం. కరెంటు పోయిందంటే "హౌదా?", కొళాయి రాలేదంటే "హౌదా?". ఆదోనిలో కొళాయి రాకపోవడం కూడా ఒక వింతేనా! మా ఆవిడ ఆయనకు వెనకాల హౌదా స్వామి అని పేరు పెట్టింది. నాకు మాత్రం ఉట్టి స్వామే.

ఆయన ఎవరి చేతికీ ఏదీ ఇచ్చేవాడు కాదు. మడి. ప్రసాదమైతే పైనుంచి వదిలేవాడు. తాళంచెవి అయితే మెట్టు మీద పెట్టి దూరం జరిగేవాడు, మనం వంగి తీసుకోవాలి. నాకు మొదట్లో ఒళ్లు మండేది. ఆస్పరి దగ్గర పల్లెలో సేద్యం చేసుకునే ఇంట్లో పుట్టినవాణ్ని, మా ఇంట్లో చేతి నుంచి చేతికి తప్ప ఏ వస్తువూ కదలదు. ఒకసారి నోరు ఊరుకోక, "లంక దాకా ఎగిరిపోయిన దేవునికి లేని మడి మీకెందుకు స్వామీ?" అన్నాను.

ఆయన కోప్పడలేదు. "ఆయనకు చుట్టూ సముద్రముండె. మునిగినంత సేపు మునగొచ్చు. మనకు యాడుండాయప్పా నీళ్లు, అంటుకుంటే మళ్లీ స్నానం చేయడానికి?" అన్నాడు. ఆ జవాబుతో నా కోపం సగం దిగింది.

అట్లాంటి మనిషి ఒక సాయంత్రం మా గడప ముందు మెట్టు మీద ఒక ఆకు పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగి నిలబడ్డాడు.

"ఏమప్పా, నువ్వు పురుగులకు మందులిస్తావంట గదా. దీనికేమయింది చూడు."

ఆకు నలిపి వాసన చూశాను. "ఇది పలావులో వేసేది గదా స్వామీ!"

"బిర్యానీ ఆకు" అన్నాడు.

ఉల్లిపాయ కూడా ఇంట్లోకి రానివ్వని మనిషి నోట ఆ మాట వినేసరికి నాకు నవ్వొచ్చింది. గట్టిగానే నవ్వాను. నా నవ్వు ఆగేదాకా ఆయన ఊరుకుని, "మా వాడివి. రెండు చెట్లు" అన్నాడు.

ఆ 'వాడి' సంగతి వీధిలో అందరికీ తెలుసు. ఆయన ముందు ఎవరూ ఎత్తరు. ఒక్కగానొక్క కొడుకు. తల్లి చిన్నప్పుడే పోయింది. మంత్రాలు నేర్చుకోమని మంత్రాలయం వైపు బంధువుల దగ్గర పెడితే, నాలుగు నెలలు తిరక్కుండా పారిపోయి ఎమ్మిగనూరులో ఒక హోటల్లో గిన్నెలు కడగడానికి చేరాడు. కొన్నేళ్లకు అక్కడే బిర్యానీ మాస్టరయ్యాడు. పూజారి కొడుకు మాంసం వండుతున్నాడని గుడికి వచ్చేవాళ్లు గుసగుసలాడారు. ఒకసారి కొడుకు ఇంటికి వస్తే ఈయన గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడట. కొడుకు మెట్ల మీద నుంచే వెనక్కి పోయాడు. మళ్లీ రాలేదు. ఆ తర్వాత రెండేళ్లకు ఎమ్మిగనూరు రోడ్డు మీద లారీ గుద్ది చచ్చిపోయాడు.

హోటల్లో అతనితో కలిసి వండిన ఒకాయన ఆటోలో ఒక బట్టల సంచీ, రెండు కుండీలు తెచ్చి దింపాడు. ఎండాకులో వాసన చాలదని ఆ పిల్లవాడు బెంగళూరు వైపు నుంచి తెప్పించి, హోటలు వెనక పెంచుకున్న చెట్లట. దమ్ము పెట్టే ముందు పచ్చాకు తుంచి వేసేవాడట. "పొద్దున్నే వీటి మొగం సూడందే పొయ్యి ముట్టించడు స్వామీ మీ పిల్లోడు" అని చెప్పి పోయాడు. సంచీని ఈయన విప్పలేదు. కుండీల్ని మాత్రం తన గది ముందు, కిటికీ లోంచి కనబడే చోట పెట్టుకున్నాడు. కొడుకు మిగిల్చిపోయిన వాటిలో ప్రాణమున్నవి అవి రెండే.

చెట్ల దగ్గర ఆయన వేరే మనిషి. జపం చేసినట్టు బొటనవేలు కణుపుల మీద జరుపుకుంటూ ఆకులు లెక్కపెట్టేవాడు. నేను బస్సు దిగి వచ్చేసరికి పిట్టగోడ మీద నుంచి వంగి, "పెద్దదానికి రెండు రాలినాయి. చిన్నది నిలుపుకునిందప్పా" అని చెప్పేవాడు. ఇంట్లో జ్వరం పడ్డవాళ్ల సంగతి చెప్పినట్టే ఉండేది.

మొదట కుంకుడుకాయ రసంతో తుడవమన్నాను. దీపం వత్తులకు పెట్టుకున్న దూది తీసి ఒక్కొక్క ఆకూ అడుగూ పైనా తుడిచాడు. ఊడిన పురుగుల్ని నలపలేదు. తమలపాకు మీదికి ఎత్తి, మెట్లు దిగి, పక్క ఖాళీ స్థలంలో జిల్లేడు చెట్టు కింద వదిలి వచ్చేవాడు. మోకాళ్లు పట్టేసిన మనిషి, రోజుకు అన్నిసార్లు ఎక్కి దిగడం చూడలేక, "నలిపి పారేస్తే పోతుంది గదా స్వామీ" అన్నాను.

"వాని చెట్టు మీద చంపితే ఆ పాపం వానికి చుట్టుకుంటుందేమోనప్పా."

వారం తిరక్కుండా పురుగు మళ్లీ వచ్చింది. "నేను వదిలినవే తిరిగొస్తాండాయా?" అని అడిగాడు. కాదు స్వామీ, కొత్తవి అన్నాను. "హౌదా? ఎవరు తెస్తాండారప్పా వీటిని?" అన్నాడు. పసిపిల్లవాడు అడిగే ప్రశ్నలా అనిపించి నేను పట్టించుకోలేదు. ఇన్నేళ్లుగా మందులమ్మే మొనగాణ్ని, నాకు తెలియనిది ఆయనకేం తెలుస్తుందని. ఆ రోజు ఆ ప్రశ్న నేనూ వేసుకుని ఉంటే ఇంత రాయాల్సిన పని లేకపోయేది.

ఇక మందు కొట్టక తప్పదన్నాను. చాలాసేపు ఆలోచించి, "నా చేత్తో వద్దు. నువ్వు కొట్టు. నేను చూడను" అన్నాడు. ఆదివారం, ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం. నాకప్పుడే తీరిక. ఆయన గోడ వైపు తిరిగి కళ్లు మూసుకున్నాడు. నేను పత్తి చేలకు చెప్పే మోతాదు గుర్తు చేసుకుని, కుండీలో చెట్టు గదా అని తగ్గించాల్సింది పోయి, పురుగు మొండిది గదా అని ఇంకో అర మూత ఎక్కువ పోశాను. పెద్ద చెట్టు నిండా తడిసేలా కొట్టాను. పిచికారిలో మందు అయిపోయి చిన్నదానికి చాలలేదు. అదే దాని అదృష్టం.

నాలుగో రోజుకు పెద్ద చెట్టు ఆకులు అంచులు మాడి, ముడుచుకుని, చేత్తో ముట్టుకుంటే పొడి అయ్యాయి. ఎండలో ఎక్కువ మందు కొట్టి నేనే కాల్చేశాను. చూడగానే నాకు తెలిసిపోయింది. "తెగులు ముదిరింది స్వామీ" అన్నాను. సిగ్గు లేకుండా ఆయన కళ్లలోకి చూస్తూనే అన్నాను.

రాలిన ఆకుల్ని ఆయన పైపంచెలోకి ఏరుకున్నాడు. "నువ్వేం చేస్తావప్పా. చేతనైనంత చేసినావు" అన్నాడు. మర్నాడు మా మెట్టు మీద రెండు అరటిపళ్లు పెట్టి పోయాడు. అవి నేను తినలేదు, పిల్లలకిచ్చాను.

మిగిలింది చిన్న చెట్టు. దానికీ ఆకులు మసిబారుతున్నాయి. నన్ను మందు అడగలేదు, నేనూ ఇస్తానన్లేదు. ఎండకు తన పంచె కట్టి నీడ చేశాడు. మధ్యాహ్నం భోజనం చేసేవాడో లేదో, నేను పొద్దున బస్సుకు పోయేటప్పుడు కుండీ ముందు ఎట్లా కూర్చుని ఉన్నాడో, సాయంత్రం వచ్చేసరికి అట్లాగే కూర్చుని ఉండేవాడు. చెంపలు లోపలికి పోయాయి. గుడిలో పూజ ఆలస్యమవుతోందని ఎవరో వచ్చి కేకలేసి పోయారు కూడా.

ఒకరోజు అంగట్లో జనం బాగా ఉన్న వేళ, వాకిట్లో గొడవగా ఉంటే తలెత్తి చూశాను. ఆయన. కుండీని రెండు చేతులా కడుపుకు హత్తుకుని నిలబడి ఉన్నాడు. పంచె నిండా మట్టి. మనుషులు కిక్కిరిసిన బస్సులో, ఎవరెవరో తగులుతూ, తోస్తూ, ఆదోని నుంచి అట్లాగే నిలబడి వచ్చాడు. ఎవరైనా తగిలితే మళ్లీ స్నానం చేసే మనిషి.

"ఈ ఒక్క పొద్దే తొమ్మిది రాలినాయప్పా. సాయంత్రం దాకా ఉంటుందో లేదో అని తెచ్చినాను" అన్నాడు.

రైతులు చుట్టూ మూగారు. "ఏం సెట్టు స్వామీ ఇది?" అని ఒకడు అడిగాడు.

"బిర్యానీలో వేస్తారప్పా, ఆ చెట్టు."

అంగడంతా గొల్లుమంది. నిలువు బొట్టు, జంధ్యం, పిలక, ఆ నోట ఆ మాట. నేనూ నవ్వు రాకుండా పెదవి బిగబట్టుకున్నాను. ఆయన అందరి మొహాలూ చూశాడు. "మా కొడుకుదప్పా. వాడు లేడు. దీన్ని బతికించేవాళ్లు ఎవరన్నా ఉండారా ఈడ?" అన్నాడు.

నవ్వు ఆగిపోయింది. కౌతాళం వైపు నుంచి వచ్చిన ఒక ముసలి రైతు ముందుకు వచ్చి, కుండీ కింద పెట్టించి, కాండం వెంట వేలు పెట్టి చూపించాడు. సన్నగా బారులు తీరి చీమలు.

"పురుగును తెచ్చేది, కాసేది ఇవే స్వామీ. పురుగు ఇడిసే తీపి జిగురు తాగేదానికి పసువుల్ని సాకినట్ల సాకుతాయి. తీపి మరిగిన సీమలివి. సెక్కెర నీళ్లు, బెల్లం నీళ్లు ఏమన్నా పోస్తాండారా?"

"రామ రామ! నేనెందుకు పోస్తానప్పా తీపి?"

ఆయన అబద్ధమాడలేదు. ఆ సాయంత్రం కుండీని నేనే మోసుకుని ఆయనతో ఆదోని బస్సెక్కాను. మర్నాడు పనికి పోకుండా, తెల్లవారీ తెల్లవారకముందే మిద్దెక్కి కూర్చున్నాను. చీమలు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూద్దామని.

గుడి నుంచి ఆయన ఇత్తడి చెంబుతో వచ్చాడు. శ్లోకమేదో గొణుక్కుంటూ చెంబు వంచాడు. తెల్లటి నీళ్లు, నడుమ అరటిపండు ముక్కలు. ఒక్క చుక్క బయట పడకుండా చెట్టు మొదట్లో పోశాడు.

"ఏంది స్వామీ అది?"

"అభిషేకం చేసిన నీళ్లప్పా. తొక్కగూడదు గదా. చెట్టు మొదట్లోనే పోయాల. ముందు గుడి వెనక తులసి వనంలో పోస్తాంటి, ఇవి వచ్చినప్పటి నుంచి వీటికే."

పాలు, పెరుగు, నెయ్యి, తేనె, చక్కెర. రోజూ. అంత పెద్ద వనంలో ఎక్కడెక్కడో ఇంకిపోయే నీళ్లు, ఈ కుండీలో జానెడు మట్టిలో. నాకు ముందు కోపమే వచ్చింది. "పొద్దు పొద్దునే చీమలకు విందు పెట్టి, పురుగులు ఎవరు తెస్తాండారని నన్ను అడుగుతారా? తేనె, చక్కెర తీపి కాదా స్వామీ?" అని అరిచాను.

ఆయన చెంబులోకి చూశాడు.

"తీర్థమనుకున్నానప్పా. తీపి అనుకోలేదు" అన్నాడు.

నా నోరు పడిపోను, అంత గట్టిగా ఎందుకరిచానో. ఆయన ఒక్కసారిగా నా మణికట్టు పట్టుకున్నాడు. అన్నేళ్లలో ఆయన చెయ్యి నాకు తగలడం అదే మొదలు. ఎముకలే ఉన్నాయి. "నా దగ్గర అంతకంటే మంచిది ఏముండాదప్పా వానికి పోసేదానికి? ఇప్పుడు ఆపితే బతుకుతుందా? చెప్పు, బతుకుతుందా?" అని ఊపేస్తున్నాడు.

బతికించడానికి చేయగలిగినదంతా చేశాం. కుండీ బోర్లించి మట్టి తీస్తే పాడైన నెయ్యి కంపు గుప్పుమంది. వేర్లు సగం నల్లబడి మెత్తగా చేతికి ఊడి వచ్చాయి. కుళ్లినంత మేరా కత్తిరించి, కొత్త ఎర్రమట్టి పోసి, కుండీ అడుగున నీళ్ల పళ్లెం పెట్టాం. చీమలు ఆగాయి, పురుగూ పోయింది. ఆకులు మాత్రం ఆగలేదు. పదకొండు మిగిలినాయి అన్నాడు. ఏడు అన్నాడు. నాలుగు. చివరిది రెండు రోజులు నిలిచింది. తర్వాత ఆయన వేళ్లు లెక్కపెట్టడం మానేశాయి.

నేను వంగి కాండం మీద గోటితో గీకాను. బతికి ఉంటే బెరడు కింద పచ్చగా ఉండాలి. పుల్ల ఎండిపోయి గోధుమరంగులో ఉంది. ఇంకాస్త కింద గీకాను. అక్కడా అంతే.

"పచ్చగా ఉందా అప్పా?" వెనక నుంచి అడిగాడు.

"ఉంది స్వామీ" అన్నాను. "చిగురు రావడానికి కొన్నాళ్లు పడుతుంది."

ఆ రోజు నుంచి పొద్దునొక చెంబు, సాయంత్రమొక చెంబు. ఉట్టి నీళ్లు. వానలు వచ్చి పోయాయి, చలి వచ్చింది. మనిషి రోజురోజుకూ తరిగిపోతున్నాడు, మెట్లెక్కడానికి మధ్యలో రెండుసార్లు కూర్చోవాలి. కొళాయి మిద్దె కిందే ఉంది. అయినా చెంబు నింపుకుని ఎక్కడం మానలేదు. నా ఇంట్లోకి ఆ ఇత్తడి చెంబు మెట్లకు తగిలే చప్పుడు వినబడేది. నేను చెప్పిన ఒక్క అబద్ధానికి ఒక ముసలాయన ప్రాణాలు ఈడ్చుకుంటూ చచ్చిన పుల్లకు నీళ్లు మోస్తున్నాడు.

ఒక ఉదయం ఇక తట్టుకోలేక కొళాయి దగ్గరికి పోయి ఆయనకు అడ్డంగా నిలబడ్డాను. "స్వామీ, నన్ను తిట్టండి. పెద్దదాన్ని నేనే చంపినాను. మందు ఎక్కువ పోసి ఎండలో కొట్టినాను. చిన్నది కూడా నేను గీకినప్పుడే చచ్చిపోయి ఉండె. పచ్చగా ఉందని అబద్ధం చెప్పినాను. ఇంక నీళ్లు మోయొద్దండి" అని గబగబా చెప్పేశాను. కళ్లలో నీళ్లు ఆగలేదు.

ఆయన మెట్టు మీద కూర్చున్నాడు. ఆయాసం తగ్గేదాకా ఆగాడు.

"తెలుసప్పా. నువ్వు గీకింది నేనూ చూసినాను. నాకు కండ్లు బాగానే కనబడతాయి."

"మరెందుకు స్వామీ ఈ మోత?"

"ఆ పొద్దు వాడు లోపలికి వస్తానని అడగలేదు" అన్నాడు. "జనమంతా వానిని తరిమినానని చెప్పుకుంటారు. అది కాదు. మండే ఎండలో బస్టాండు నుంచి నడిచి వచ్చినాడు. ఈ మెట్టు మీదనే నిలబడి, లోపలికి రాను, రెండు గుక్కలు నీళ్లియ్యి, తాగి పోతాను అన్నాడు. చెంబు నిండా నీళ్లు నా చేతిలోనే ఉండె. దేవునికి తీసుకపోయేవి, వాడు ముడితే మైల అని..." ఆగాడు. "ఇయ్యలేదప్పా."

నేను ఆయన చేతిలోని చెంబు వైపు చూశాను.

"చెట్టు చచ్చిందని నాకు తెలీకనా? నీళ్లు ఆపినానంటే, వాడు ఇంకా మెట్టు మీద నిలబడి అడుగుతాండాడని అనిపిస్తాది" అన్నాడు. గోడ పట్టుకుని లేచి, నన్ను కొంచెం పక్కకు జరగమని, చెంబు కొళాయి కింద పెట్టాడు.